నాలుగో క్యాసెట్

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, అదీ ఇంత వానలో, ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం.

కాసేపట్లో మనం చూడబోయేది 'హెబి నో మిచి' అనే జపాన్ సినిమా. 'పాము దారి' అని అర్థం. 1998లో వచ్చింది. తీసినవారు కియోషి కురోసావా. ఇంటిపేరు ఒకటే గానీ పాత తరం ప్రఖ్యాత దర్శకుడు అకిరా కురోసావాకు ఈయన చుట్టం కాదు. పది నిమిషాలు పరిచయం చేస్తే చాలన్నారు నిర్వాహకులు. నేను అరగంట అడిగి తీసుకున్నాను. ఈ కాయ ఏ చెట్టుకు కాసిందో చెప్పకుండా మీ చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ చెట్టు పేరు వీడియో సినిమా. థియేటర్ ముఖం చూడకుండా, లేదా పేరుకు నాలుగు రోజులు చూసి, అటునుంచి అటే క్యాసెట్ల షాపుకు వెళ్లిపోయే చవక నేర కథా చిత్రం. పత్రికల్లో దానికి సమీక్ష రాదు. వచ్చినా రెండు వాక్యాలు. నా జీవితంలో చాలా రాత్రులు ఈ సినిమాలతో గడిచాయి. వాటి మీద నాకు ప్రేమ ఉంది, వాటితో పేచీ కూడా ఉంది. ఇవాళ రెండూ చెబుతాను.

నాలాగే 1980లలో పెరిగినవారు ఈ హాల్లో కొందరు కనిపిస్తున్నారు. డెక్కు అద్దెకు తెచ్చుకోవడం మీకు గుర్తుండే ఉంటుంది. శనివారం రాత్రికి నాలుగిళ్లవాళ్లం తలా కొంత వేసుకుని వీడియో షాపు నుంచి డెక్కు, కలర్ టీవీ, నాలుగు క్యాసెట్లు తెచ్చేవాళ్లం. రిక్షాలో టీవీ పక్కన కూర్చోవడానికి పిల్లలం పోటీలు పడేవాళ్లం. మొదటి క్యాసెట్ బామ్మల కోసం పౌరాణికం. రెండోది అందరూ కలిసి చూసే కుటుంబ కథ. మూడోది అప్పుడే వచ్చిన కొత్త సినిమా. నాలుగోది మేము అడిగి తెచ్చినది కాదు, షాపతను తనంతట తాను చేతిలో పెట్టినది. దాని పేరు ఎవరూ విని ఉండరు. అట్ట మీద తుపాకీ పట్టుకున్న మనిషి, అతని వెనక మంటలు, మూలన ఒక అమ్మాయి. తెల్లవారుజామున మూడింటికి, పెద్దవాళ్లంతా చాపల మీద ఒరిగిపోయాక, దాన్ని పెట్టేవాళ్లం.

డెక్కు దగ్గర మా పక్కింటి అన్నయ్య కూర్చునేవాడు. బాసింపట్టు వేసుకుని, ముందుకు వంగి, కుడిచేతి చూపుడు వేలు ఫాస్ట్ ఫార్వర్డ్ మీట మీద పెట్టి ఉంచేవాడు. తెర మీద ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టగానే టక్కున నొక్కేవాడు. మనుషులు గడగడ ఊగిపోయేవారు, వాళ్ల ముఖాల మీదుగా తెల్లని గీతలు పాకేవి, డెక్కు లోపల టేపు కీచుమని తిరిగేది. కారు కనిపించగానే వేలు తీసేవాడు. గంటన్నర సినిమా మాకు ముప్పావుగంటలో అయిపోయేది. కానీ అప్పుడప్పుడు, కారూ లేదు తుపాకీ లేదు, ఊరికే ఒక మనిషి గదిలో ఒంటరిగా కూర్చున్న చోట కూడా ఆ వేలు మీట మీద పడకుండా గాలిలోనే ఆగిపోయేది. 'ఉండండి, ఉండండి' అనేవాడు, మేమెవరం ఏమీ అనకపోయినా. ఆ వేలు ఎందుకు ఆగింది అన్నదే ఇవాళ నా విషయం.

జపాన్ వెళదాం.

1958లో జపాన్‌లో 112 కోట్లకు పైగా సినిమా టిక్కెట్లు తెగాయి. అప్పటి జనాభా 9 కోట్ల పైచిలుకు. అంటే పసిపిల్లలతో సహా లెక్కేసినా తలకు ఏడాదికి 12 సార్లు. తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. 1996 నాటికి టిక్కెట్లు 12 కోట్లకు దిగిపోయాయి. తలకు ఒక్కసారి కూడా సరిగ్గా రాదు. ఈ పతనంలో అందరికంటే గట్టి దెబ్బ తిన్న సంస్థల్లో తోయే ఒకటి. యకూజా, అంటే అక్కడి నేర ముఠాల సినిమాలకు అది పుట్టిల్లు. 1960లలో ధర్మం తప్పని కత్తివీరుల కథలు, 1970లలో ధర్మం అనే మాటే ఎరగని వీధి ముఠాల కథలు తీసి బతికింది. 1980లు వచ్చేసరికి ఆ కథలు చూసే మగవాళ్లు ఎక్కడికీ పోలేదు గానీ, థియేటర్‌కు రావడం మానేశారు. పని ముగించుకుని, స్టేషన్ పక్కనున్న అద్దె షాపులో ఒక క్యాసెట్ తీసుకుని ఇంటికి వెళుతున్నారు. త్సుతాయా అనే అద్దె షాపుల సంస్థ ఒసాకా దగ్గర హిరకతలో మొదలైంది 1983లోనే.

తోయే వాళ్లు చేసిన తెలివైన పని, ఈ మనిషిని తిరిగి థియేటర్‌కు రప్పించే ప్రయత్నం వదిలేసి, అతని వెనకే ఇంటికి వెళ్లడం. 1989లో 'వి సినిమా' అనే ముద్రతో వాళ్ల మొదటి వీడియో చిత్రం వచ్చింది. పేరు 'క్రైమ్ హంటర్'. నిడివి గంట. తోడు పోలీసును చంపినవాళ్ల మీద పగ తీర్చుకునే పోలీసు, అతనికి తోడుగా తుపాకీ పట్టిన ఒక క్రైస్తవ సన్యాసిని. ఇంతే కథ. గంటే ఎందుకంటే, ఇంట్లో మనిషి చేతిలో రిమోట్ ఉంది. ఫాస్ట్ ఫార్వర్డ్ మీట నొక్కాలని అతనికి ఒక్కసారి కూడా అనిపించని సినిమా తీయాలన్నదే వాళ్ల లక్ష్యం. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా అన్నయ్య చూపుడు వేలు కళ్లముందు కదిలింది. ఎక్కడో తోక్యోలో ఒక నిర్మాత ఆ వేలి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాడన్న మాట.

ఆ సినిమా బాగా ఆడింది. ఆడింది అనకూడదు, బాగా అద్దెకు పోయింది. మిగిలిన సంస్థలన్నీ దిగాయి. 'వి సినిమా' అనేది తోయే వారి వ్యాపార నామమే అయినా, జనం నోట్లో మొత్తం జాతికి అదే పేరైపోయింది, మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు.

ఇక్కడ మన దేశం ముచ్చట ఒకటి చెప్పి ముందుకు వెళతాను. బొంబాయిలో స్టార్‌డస్ట్ పత్రిక యజమాని నారీ హీరా జపాన్ కంటే ముందే, 1980ల నడుమ, వీడియో కోసమే హిందీ సినిమాలు తీయించారు. ఆదిత్య పంచోలీ అక్కడి నుంచి వచ్చిన నటుడే. ఆ ప్రయత్నం నిలవలేదు. మన దగ్గర కేబుల్ ఆపరేటర్ ఒక క్యాసెట్ పెడితే పేటంతా చూసేది, ఇక వందమంది వంద క్యాసెట్లు అద్దెకు ఎందుకు తీసుకుంటారు? జపాన్‌లో అద్దె షాపు గట్టిగా నిలబడింది కాబట్టే దాని కోసం తీసిన సినిమా కూడా నిలబడింది. ఈ సినిమాలకు ప్రాణం షాపులోని చెక్క అరలో ఉంది.

అసలు నేర కథే ఎందుకు? చవక గనక. నేను చిన్నచూపుతో అనడం లేదు, లెక్క చెబుతున్నాను. రాజుల కథకు దుస్తులు, గుర్రాలు కావాలి. ప్రేమకథకు పాటలో, మంచి ఊళ్లో కావాలి. నేర కథకు నల్లకోటు వేసుకున్న అయిదుగురు మనుషులు, ఒక కారు, ఒక ఖాళీ గోదాము, ఓడరేవు పక్కన కాస్త చీకటి ఉంటే చాలు. కొద్ది వారాల్లో చిత్రీకరణ ముగుస్తుంది. తుపాకీ కనిపించిన క్షణం నుంచి ప్రేక్షకుడి గుండె తనంతట తనే పని మొదలుపెడుతుంది. దానికి నిర్మాత పైసా పెట్టనక్కర్లేదు.

ఈ లెక్కలో ఒక ఒప్పందం ఉంది, దాని గురించి కాస్త ఆగి మాట్లాడాలి. అద్దె షాపులో క్యాసెట్ అట్టే ఆ సినిమాకు పోస్టరు, ప్రకటన, సమీక్ష అన్నీ. అట్ట మీద ఏముందో అది లోపల ఉండాలి. తెలిసిన నటుడి ముఖం ఉండాలి, కాల్పులు ఉండాలి, చాలా సందర్భాల్లో ఒక స్త్రీ శరీరం ఉండాలి. ఇవి అందించాడా లేదా అన్నది మాత్రమే నిర్మాత చూసేవాడు. అవి అందించాక మిగిలిన నిమిషాల్లో దర్శకుడు ఏం చేస్తున్నాడో పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండేది కాదు. పెద్ద సినిమాలో ప్రతి నిమిషానికీ యజమానులు నలుగురుంటారు. ఇక్కడ ముప్పై నలభై నిమిషాలు యజమాని లేకుండా పడి ఉండేవి. చాలామంది దర్శకులు వాటిని సిగరెట్లు కాల్చే మనుషులతో నింపేశారు. కొద్దిమంది మాత్రం, బంజరు దొరికిన రైతులా, దున్నడం మొదలుపెట్టారు.

ఒక ఉదాహరణ. 1990లో బన్‌మెయ్ తకహాషి తీసిన 'నియో చిన్‌పిరా' అనే సినిమా. చిన్‌పిరా అంటే ముఠాలో ఆఖరి బంతిలో కూర్చునే చిల్లర రౌడీ. యకూజా వాడుకలో 'తెప్పోదమా' అనే మాట ఉంది. తూటా అని అర్థం. శత్రువు మీదికి పంపే కుర్రవాణ్ణి అలా అంటారు, ఎందుకంటే తూటా వెళ్లడమే గానీ తిరిగి రావడం ఉండదు. ఈ కథలో తూటాగా వెళ్లాల్సిన వంతు మన కుర్రవాడి మీద పడుతుంది. అతనికి భయం. చావాలని లేదు. వెనకటి యకూజా సినిమాల్లో వీరుడు మంచులో గొడుగు పట్టుకుని చావడానికి నడుచుకుంటూ వెళతాడు. వీడు వీలైనంతవరకు తప్పించుకోవాలని చూస్తాడు. ఆ పాత్ర వేసిన షో అయికావా అంతకుముందు వీధుల్లో ఆడిపాడే 'ఇస్సేయ్‌ఫూబి సెపియా' బృందంలో ఒకడు. సన్నని మనిషి, కాస్త కీచు గొంతు. హీరో లక్షణాలేవీ లేవు. క్యాసెట్ అద్దెకు తీసుకున్న కుర్రవాళ్లు అతనిలో తమను చూసుకున్నారు. పెద్ద తెర మీద అంత పిరికి మనిషిని హీరోగా నిలబెట్టే ధైర్యం అప్పట్లో ఎవరు చేసి ఉండేవారు?

కాలాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. 1989 డిసెంబర్ ఆఖరున తోక్యో షేర్ల సూచీ 38,915 అంకెను తాకింది. ఏడాది తిరిగేసరికి మూడో వంతుకు మించి పోయింది. భూముల ధరలు కూడా ఆ వెనకే కూలాయి. అప్పులు చేసి ఇళ్లు కొన్నవాళ్లు, షాపులు పెట్టినవాళ్లు మునిగారు. సరిగ్గా అప్పుడు, 1992లో, 'మినామి నో తేయిఓ' అనే వరుస మొదలైంది. ఒసాకా దక్షిణ బజారులో మందా గింజిరో అనే వడ్డీ వ్యాపారి కథ. పది రోజులకు పది శాతం వడ్డీ అతని లెక్క. విజయవాడ కాల్ మనీ గురించి చదివిన మనకు ఇది కొత్తగా అనిపించదు. అయితే కథ నడిచే తీరు వేరు. గింజిరో దగ్గర అప్పు చేసినవాణ్ణి అంతకంటే పెద్ద మోసగాడు ముంచేస్తాడు. తన బాకీ రాబట్టుకోవడం కోసం గింజిరో చట్టంలోని సందుగొందులన్నీ వెతికి ఆ పెద్ద మోసగాణ్ణి పిండుతాడు. దయతో చేయడు, తన డబ్బు కోసం చేస్తాడు. కానీ చూసేవాడికి ఊరట దొరుకుతుంది. హామీ సంతకం అంటే ఏమిటి, నకిలీ పత్రం ఎలా పుడుతుంది, దివాలా తీస్తే ఏం మిగులుతుంది, ఇవన్నీ ఆ కథల్లో పాఠాల్లా ఉంటాయి. రికి తకేఉచి ఆ పాత్రలో 2007 దాకా 60 సినిమాలు చేశాడు. అరవై. సాయంత్రం పూట ఎవరికీ చెప్పుకోలేని బాకీ ఉన్న మనిషి, ఆ క్యాసెట్‌ను ఫాస్ట్ ఫార్వర్డ్ చేయకుండా చూశాడంటే నాకు ఆశ్చర్యం లేదు. కాగితాల మీద మాటలు జరిగే చోట అతను మరింత శ్రద్ధగా చూసి ఉంటాడు.

ఇప్పుడు పేచీ సంగతి.

ఈ సినిమాల్లో ఎక్కువభాగం బాగుండవు. ఇది సర్ది చెప్పుకోవలసిన విషయం కాదు. అట్ట మీద మండే హెలికాప్టర్ లోపల ఉండదు. ఒకే గోదాము మూడు సినిమాల్లో మూడు ముఠాల స్థావరమవుతుంది. రాత్రి దృశ్యంలో ఎవరు ఎవరిని కాల్చారో కనిపించదు. నిడివి నింపడానికి కారు బయలుదేరడం, వెళ్లడం, ఆగడం, తలుపు తీయడం, మనిషి దిగడం అన్నీ వరసగా చూపిస్తారు. వందల కొద్దీ చూసినవాడిగా చెబుతున్నాను, చాలా రాత్రులు నేను వృథా చేసుకున్నాను.

అంతకంటే పెద్ద తప్పు స్త్రీల విషయంలో జరిగింది. స్త్రీ హంతకురాలు, స్త్రీ గూఢచారి నాయికలుగా జపాన్ వీడియోలో ఎన్నో వరుసలు వచ్చాయి. వినడానికి బాగుంది, తుపాకీ ఆమె చేతిలోనే ఉంది. కానీ కెమెరా తుపాకీ వైపు చూడదు. అట్ట చేసిన వాగ్దానాల్లో ఆమె శరీరం ఒకటని ఇందాక అన్నాను. ఆ వాగ్దానం తీర్చడానికి కథలో ఆమెను బంధించాలి, హింసించాలి, ఆ తర్వాత ఆమె పగ తీర్చుకోవాలి. పగ రెండు నిమిషాలు, హింస పది నిమిషాలు. యజమాని లేని నిమిషాలు దర్శకుడికి దొరికాయన్నాను గదా, ఆ స్వేచ్ఛకు మూల్యం చెల్లించినవాళ్లలో ఆ నటీమణులు ముందున్నారు. అయికావా పేరు, తకేఉచి పేరు మనకు మిగిలాయి. వాళ్లలో ఎంతమంది పేర్లు మిగిలాయి? ఈ సినిమాలను ప్రేమించేవాళ్లం ఈ లెక్క కూడా చెప్పి తీరాలి. చెప్పకుండా పొగిడే వ్యాసాలు నేను చాలా చదివాను, వాటి మీద నాకు గౌరవం పోయింది.

ముఖం అమ్ముకునే వ్యాపారం ఎంత దూరం వెళ్లగలదో అమెరికాలో ఇటీవలే చూశాం. అక్కడ ఈ జాతి సినిమాలు క్యాసెట్ పోయాక డీవీడీలోకి, డీవీడీ పోయాక ఇంటర్నెట్ అద్దెలోకి వచ్చాయి. సూత్రం మాత్రం మారలేదు. ఒకప్పటి పెద్ద నటుణ్ణి రెండు మూడు రోజులు పిలిపించి, ఒకే ఇంట్లోనో ఒకే గదిలోనో అతని దృశ్యాలన్నీ తీసేసి, మిగతా సినిమా ఊరూపేరూ లేని నటులతో ముగించి, పోస్టరు నిండా అతని ముఖం వేయడం. బ్రూస్ విల్లిస్ నటించిన ఆఖరి సంవత్సరాల్లో ఇలాంటి నేర కథలు వరసగా చేశాడు. ఏటా చెత్త సినిమాలను ఎంపికచేసే గోల్డెన్ రాస్ప్‌బెర్రీ వాళ్లు 2021లో అతను చేసిన 8 సినిమాలకు కలిపి ఒక ప్రత్యేక విభాగమే పెట్టి వెక్కిరించారు. 2022 మార్చిలో అతని కుటుంబం అసలు సంగతి చెప్పింది. మాట మీద పట్టు తప్పే అఫేసియా వచ్చిందని, నటన మానేస్తున్నాడని. 2023లో అది ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అని తేలింది. చిత్రీకరణలో చెవిలో చిన్న పరికరం పెట్టి సంభాషణలు అందించేవారని పత్రికలు రాశాయి. రాస్ప్‌బెర్రీ వాళ్లు తమ బహుమతి వెనక్కి తీసుకున్నారు.

ఆ వార్త వచ్చిన రాత్రి నేను ఆ సినిమాల్లో ఒకదాన్ని మళ్లీ పెట్టుకుని చూశాను. అతను కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఎదుటి నటుడు ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబు రావడానికి ముందు ఒక ఖాళీ ఉంటుంది. ఏడాది ముందు ఆ ఖాళీని నేను బద్ధకం అనుకున్నాను. నాలాగే చాలామంది అనుకున్నాం. ఆ తర్వాత అలాంటి ఖాళీ తెర మీద కనిపించినప్పుడు దాని మీద తీర్పు చెప్పే తొందర నాకు పోయింది.

ఇక కియోషి కురోసావా దగ్గరికి వద్దాం. 1989లో ఆయన తీసిన ఒక పెద్ద సినిమా తర్వాత నిర్మాతతో పేచీ వచ్చి కోర్టు దాకా వెళ్లింది. ఆపైన చాలాకాలం పెద్ద సినిమా దక్కలేదు. వీడియో వాళ్లు పిలిచారు. 1995, 96 సంవత్సరాల్లో షో అయికావాతో ఒకే వరుసలో 6 సినిమాలు తీశారు. చిన్న చిన్న పనులు చేసుకుని బతికే ఇద్దరు మిత్రుల నేర హాస్య కథలవి. తర్వాత 1997లో పగ మీద రెండు. ఇన్ని సినిమాలు తీయడం వల్ల ఆయనకు ఒక నేర్పు వచ్చింది. కెమెరాను దూరంగా నిలబెట్టి, దృశ్యాన్ని ముక్కలు చేయకుండా, మనుషుల్ని గదిలో తిరగనివ్వడం. దగ్గరి నుంచి, వెనక నుంచి, పక్క నుంచి తీసే వ్యవధి లేని చోట ఆ దూరమే ఆయన శైలిగా మారింది. హింస దూరం నుంచి జరుగుతుంటే చూడటం ఎంత భయంకరమో ఆయన సినిమాలు చూసినవారికి తెలుసు. 1997లోనే వచ్చిన 'క్యూర్' ఆయన్ను ప్రపంచానికి పరిచయం చేసింది. ఆ భయం ఈ వీడియో సినిమాల్లో సాధన చేసిందే.

1998లో ఆయన మళ్లీ రెండు సినిమాలు ఒకదాని వెంట ఒకటి తీశారు. రెండింటికీ ఒకే హీరో, ఒకే పాత్ర పేరు నిజిమా, ఒకే బీజం. కూతురిని ఎవరో చంపారు, తండ్రి పగ. ఇచ్చిన కొలత ఇదే. రెండో సినిమాలో, దాని పేరు 'కుమో నో హితోమి', సాలీడు కన్ను, తండ్రి మొదట్లోనే ఆ హంతకుణ్ణి పట్టుకుని చంపేస్తాడు. పగ అయిపోయింది. ఇంకా గంటకు పైగా సినిమా ఉంది. ఇప్పుడేం చేయాలి? అతను పాత మిత్రుడి ముఠాలో చేరతాడు. అక్కడ పనేమిటంటే బల్ల ముందు కూర్చుని కాగితాల మీద ముద్రలు కొట్టడం. ఏ కాగితాలో, ఎందుకో ఎవరూ చెప్పరు. పగ తీరిన మనిషి రోజంతా ముద్రలు కొడుతూ ఉంటాడు. నేను చూసిన పగ కథల్లో పగ తర్వాతి శూన్యాన్ని ఇంత దగ్గరగా చూపించినది మరొకటి లేదు. ఆ ముద్రల చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

తకాషి మీకే అనే మరో దర్శకుడి గురించి ఒక్క మాట. 1991లో వీడియోతోనే మొదలుపెట్టి, ఏడాదికి నాలుగైదు తీసి, వీడియో కోసం అనుకున్న 'ఫుదో'తో 1990ల చివర్లో టొరంటో చిత్రోత్సవం దాకా వెళ్లాడు. 1999లో అయికావాను, తకేఉచిని ఎదురెదురుగా నిలబెట్టి 'డెడ్ ఆర్ అలైవ్' తీశాడు. ఇద్దరు వీడియో రారాజులు ఒకే సినిమాలో ఢీకొంటే చివరికి ఏం జరగాలో ఎవరికైనా తెలుసు. అతను మాత్రం ఎవరూ ఊహించలేని చోటికి, భూగోళం దాకా తీసుకెళ్లి ముగించాడు. దాని మీద వేరే సాయంత్రం పెట్టుకుందాం.

కురోసావా తీసిన ఆ రెండింటిలో మొదటిది, మనం చూడబోయే సినిమాకు వస్తాను. కథ మొత్తం చెప్పను. నేరుగా తలుపు దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తాను. ఇద్దరు మనుషులు కారులో ఒక మనిషి ఇంటి ముందు కాచుకుని ఉంటారు. ఒకడు కూతురిని పోగొట్టుకున్న తండ్రి, మియాషిత. ఆ పాత్ర వేసిన తెరుయుకి కగావా పదేళ్ల తర్వాత ఇదే దర్శకుడి 'తోక్యో సొనాట'లో ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పుకోలేని తండ్రిగా నటించాడు. రెండోవాడు నిజిమా, అయికావా. ఇక్కడ లెక్కల మాస్టారు. ఇతను ఎందుకు సాయం చేస్తున్నాడో తెలియదు. వాళ్లు ఆ మనిషిని ఎత్తుకొచ్చి పాడుబడిన ఫ్యాక్టరీలో గోడకు గొలుసులతో కట్టేస్తారు. చక్రాల బల్ల మీద ఒక టీవీని తోసుకొస్తారు. అందులో పాప ఆడుకుంటున్న వీడియో. తండ్రి ఆ తెర పక్కన నిలబడి, పాప శరీరం మీద దొరికిన గాయాల వివరాలు పైకి చదువుతాడు. ప్రతి మనిషికీ అదే వీడియో, అదే కాగితం. భోజనం తెచ్చి పళ్లెంలో పెట్టరు, నేల మీద ఒంపుతారు.

అట్ట మీద ఈ సినిమా పగ కథే. తుపాకులు ఉన్నాయి, యకూజాలు ఉన్నారు, అయికావా ఉన్నాడు. ఒప్పందంలో ఏదీ తక్కువ కాలేదు. కానీ ఆ చక్రాల టీవీని చూడండి. వీడియో అద్దెకు తెచ్చుకుని ఇంట్లో టీవీలో చూస్తున్న మనిషి, తన టీవీలో మరో టీవీని చూస్తున్నాడు. వీడియో కోసం ఎవరో ఒక పిల్లను ఏం చేశారో అన్న ప్రశ్న ఆ గది నిండా ఉంది. వీడియోతో బతికే పరిశ్రమ లోపల నుంచి, దాని డబ్బుతోనే, దాని హీరోతోనే ఆ ప్రశ్న అడిగారు. ఈ సినిమాలు స్త్రీల విషయంలో చేసినదాని గురించి ఇందాక నేను పడ్డ బాధ ఆయనా పడ్డారని నాకు ఈ గదిలో అనిపిస్తుంది. మాస్టారి తరగతి గదిలో నల్లబల్ల మీద రాసే లెక్కలను కూడా గమనించండి. వాటికి జవాబు దొరుకుతుందా అని కాదు, ఆయన రాస్తున్నప్పుడు చేతిని చూడండి. చిల్లర రౌడీగా మొదలైన ఆ నటుడు ఎనిమిదేళ్లలో ఎక్కడికి చేరాడో ఆ చేతిలో ఉంది.

కురోసావా 2024లో ఇదే కథను ఫ్రాన్స్‌లో, ఫ్రెంచి భాషలో మళ్లీ తీశారు. ఈసారి సాయం చేసే మనిషి లెక్కల మాస్టారు కాదు, పారిస్‌లో ఉండే జపాన్ వైద్యురాలు. వెనిస్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాక కూడా, దాదాపు పాతికేళ్ల కిందటి ఒక వీడియో సినిమా దగ్గరికి ఆయన తిరిగి వెళ్లారు.

నిడివి 85 నిమిషాలు. విరామం లేదు. పిల్లల మీద జరిగిన హింస గురించిన మాటలు పదేపదే వస్తాయి. భరించలేనివారు నిస్సంకోచంగా లేచి బయటికి వెళ్లవచ్చు, వెనక తలుపు తెరిచే ఉంచారు. తెలుగు ఉపశీర్షికలు మన మిత్రులు నెల రోజులు కూర్చుని తయారుచేశారు. ప్రదర్శన తర్వాత నేను ఇక్కడే ఉంటాను. లైట్లు తీసేయండి.